అధ్యక్షులవారి రోందా పర్యటన

ప్రతి కుటుంబంలోనూ ఒక యాత్రాధ్యక్షుడు ఉంటాడు. ఎన్నికలేమీ జరగవు. టికెట్లు బుక్ చేసినవాడిదే పదవి. ఆయన్ని పూర్తి హోదాలో చూడాలంటే స్పెయిన్‌లోని మాలగా ప్రావిన్సులో, కొండకొమ్మున ఉన్న రోందాకు వెళ్లాలి. ఆయన ఏ దేశంవాడైనా ఒకటే. మనవాడైతే మాటలు అర్థమవుతాయి, అంతే.

ఊరిని నిలువునా చీల్చుకుంటూ ఎల్ తాహో లోయ, దాని అడుగున గ్వాదలెవీన్ నది. 1735లో కట్టిన వంతెన ఆరేళ్లకే కూలి యాభై మంది దాకా పోయారు. అంతటితో బుద్ధొచ్చి, 1751లో మొదలుపెట్టి 1793 దాకా తీరిగ్గా కట్టారు ఇప్పటి వంతెనని. ఎత్తు 98 మీటర్లు.

ఈ లెక్కలన్నీ అధ్యక్షుడు రాత్రే బట్టీ పట్టాడు. పిట్టగోడకి రెండు గజాల ఇవతల, లోయకి వీపు పెట్టి నిలబడి అప్పజెబుతున్నాడు. ఎత్తంటే ఆయనకి హడలు. ఆ సంగతి ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం.

“ఏవండీ, ఒక్కసారి ఇటు రండి. పక్షులు మనకంటే కింద ఎగురుతున్నాయి!”

“నువ్వు చూడు. నేను సామాను చూస్తుంటాను.”

సామానంటే ఒక నీళ్ల సీసా.

వంతెన కట్టిన అల్దెవేలా, గాలికి ఎగిరిన టోపీని అందుకోబోయి లోయలో పడి చనిపోయాడని కూడా ఆయనే చెప్పాడు. కట్టుకథ, ఆ శిల్పి 1802లో మాలగాలో పోయాడు. “మరి నువ్వెందుకు నాన్నా టోపీ గట్టిగా పట్టుకున్నావు?” అన్నాడు కొడుకు. అధ్యక్షుడు గడియారం చూసి, భోజనాల వేళయిందని ప్రకటించాడు.

పన్నెండింటికి అక్కడ భోజనమెవరు పెడతారు? ఒంటిగంటన్నర దాటితేగానీ పొయ్యి వెలగదు. వెలిగాక లోపలికి వెళ్తే, తలమీద వేలాడుతున్న పంది తొడలు చూసి అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. శాకాహారమని గస్‌పాచో తెప్పించారు. అది చల్లగానే తాగాల్సిన టమాటా సూపు. అధ్యక్షుడు గిన్నె ముట్టుకుని, “కాస్త వేడిచేసి తీసుకురా బాబూ” అని సైగ చేశాడు. వెయిటరు ఆయన్ని ఒకసారి చూశాడు, గిన్నెని ఒకసారి చూశాడు, ఐసు ముక్కలు తెచ్చి ఇచ్చాడు.

ఆయన ముఖం వికసించింది ఎద్దుల పోటీల మైదానంలోనే. 1785లో తెరిచారు, 66 మీటర్ల వెడల్పు, అంతా చదునైన నేల. ఒంటిమీద గీత పడకుండా అయిదువేలకు పైగా ఎద్దుల్ని చంపాడని చెప్పుకునే పెద్రో రొమేరో ఈ ఊరివాడే. అధ్యక్షుడు నడిమధ్య నిలబడి భార్య శాలువా విదిలించాడు. ఎద్దుగా నియమితుడైన కొడుకు మనసుపెట్టి కుమ్మాడు.

మీ ఇంట్లోనూ ఇలాంటి అధ్యక్షుడుంటే, మరియా అక్సిలియాదోరా కూడలి నుంచి లోయలోకి దిగే కాలిబాట పట్టించండి. వంతెన నిండుగా కనిపించేది కిందినుంచే. తల ఎత్తి చూస్తే చాలు. తిరిగి ఎక్కాలన్న సంగతి మాత్రం ఆయనకి దిగాకే చెప్పండి.