నాలుగు అరచేతుల మహారాజు

ఎస్‌యూవీ అంటే ఏమిటో భారత ప్రభుత్వం మిల్లీమీటర్లలో చెప్పింది. నాలుగు మీటర్లు దాటిన పొడవు, 1,500 సీసీ దాటిన ఇంజను, నేలకూ బండి పొట్టకూ మధ్య కనీసం 170 మిల్లీమీటర్ల ఖాళీ. 2022 డిసెంబరులో జీఎస్‌టీ కౌన్సిల్ ఈ కొలతలు ఖాయం చేసి, వీటికి సరిపోయిన ఎస్‌యూవీకి 22 శాతం సెస్సు అంది. ఆ 170ని ఎలా కొలవాలన్న సందేహం వస్తే 2023 జులైలో మళ్లీ కూర్చుని, బరువు లేకుండా కొలవాలని తేల్చింది. అంటే ఎవరూ ఎక్కనప్పుడే అది ఎస్‌యూవీ. అత్తగారు, ఆవిడ ఆవకాయ జాడీలు, ఇద్దరు పిల్లలు ఎక్కి కూర్చున్నాక చట్టం దృష్టిలో అది ఏమవుతుందో అడక్కండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు తీసేసి, పెద్ద బండ్లన్నిటికీ కలిపి 40 శాతం పన్ను చేశారు. కొనేవాళ్లకు కాస్త తగ్గింది కూడా.

అంతకు చాలా ముందే, 2013 బడ్జెట్లో, చిదంబరం గారు ఈ బండ్లు రోడ్డునూ పార్కింగునూ ఎక్కువ ఆక్రమిస్తాయి కనక ఎక్కువ పన్ను కట్టాలని ఎక్సైజు సుంకాన్ని 27 నుంచి 30 శాతానికి పెంచారు. జనానికి అందులో వినిపించింది ఒక్కటే: ఇది ఎక్కువ చోటు ఆక్రమిస్తుందట, అయితే కొనాల్సిందే.

కంపెనీలు తక్కువ తిన్నాయా? నాలుగు మీటర్ల లోపు బండికి పన్ను తక్కువని తెలియగానే 3,995 మిల్లీమీటర్ల ఎస్‌యూవీలు పుట్టుకొచ్చాయి. వెనక తోక కోసి, ముందు మూతి ఉబ్బించి, ఐదు మిల్లీమీటర్ల ఎడంలో నిలబడి చట్టానికి దణ్ణం పెట్టాయి. ఇంతకంటే ముచ్చటైన కథ 2015 డిసెంబరుది. ఢిల్లీ ఊపిరాడక కొట్టుకుంటుంటే, రాజధాని ప్రాంతంలో 2,000 సీసీ, ఆపైన ఉన్న డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్‌ను సుప్రీంకోర్టు ఆపేసింది. కొద్ది వారాల్లోనే మహీంద్రా వాళ్లు 2.2 లీటర్ల ఇంజనుకు బదులు 1.99 లీటర్ల ఇంజను తయారుచేసి స్కార్పియోలోనూ ఎక్స్‌యూవీ 500లోనూ పెట్టారు. గీత ఎక్కడో చెప్పడం కోర్టు వంతు. గీతకు ఇవతల పది సీసీల దూరంలో బండి నిలపడం కంపెనీ వంతు. 2016 ఆగస్టులో ఒక శాతం పర్యావరణ రుసుము కట్టించుకుని నిషేధం ఎత్తేశారు. ఊపిరితిత్తులకు ఒక శాతమంటే చవకే.

ఇక బావగారి దగ్గరికి వద్దాం. ఆయనకు పేరక్కర్లేదు. ద్వారకలోనో, నోయిడాలోనో, గురుగ్రామ్‌లోనో స్థిరపడిన ప్రతి తెలుగు బంధువర్గంలోనూ అలాంటి బావగారు ఒకరుంటారు. కొత్త బండి నేరుగా గోల్ మార్కెట్ దగ్గర బాలాజీ గుడికి వెళ్తుంది. పసుపు, కుంకుమ, పూలదండ, చక్రాల కింద నిమ్మకాయలు. ఆ నిమ్మకాయలు చితికాయో లేదో చూడటానికి బావగారు వంగుతారు చూశారూ, బండి ఆయన దగ్గరున్నంతకాలం టైరు వైపు వంగడం మళ్లీ ఉండదు. సన్‌రూఫ్ ఎంత తెరుచుకుంటుందో, తెర ఎన్ని అంగుళాలో, సీట్లో గాలి ఎక్కణ్నుంచి వస్తుందో ఆయనకు కంఠతా వచ్చు. టైర్లో గాలి ఎంతుండాలో మాత్రం తెలియదు. డ్రైవరు తలుపు తీస్తే ఆ పక్కనే స్టిక్కరు మీద రాసి ఉంటుంది. ఆ తలుపు ఆయన రోజూ తీస్తారు.

1,700 కిలోల బండి నేలను తాకేది నాలుగే చోట్ల, ఒక్కో చోట అరచెయ్యంత మేర. బ్రేకు పడేదీ, మలుపు తిరిగేదీ, వానలో జారకుండా ఆగేదీ ఆ నాలుగు అరచేతుల మీదే. మిగతాదంతా వాటి మీద ఊరేగే మహారాజు. ఆ అరచేతులకు బావగారు చేసే సేవల్లో మొదటిది పదిహేడంగుళాల చక్రాలు పీకించి పద్దెనిమిది వేయించడం. చక్రం పెరిగితే రబ్బరు అంచు పలచనవుతుంది. గుంతలో పడితే దెబ్బ రబ్బరు కాయదు, రిమ్ము కాస్తుంది. రెండోది నైట్రోజన్. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే ఉంది, అది బంకులో ఉచితం. మిగిలిన 22 శాతాన్ని కూడా శుద్ధి చేయించుకుని, ఆకుపచ్చ మూతలు పెట్టించుకుని, ఆ మూతల్ని నలుగురికీ చూపించడంలో ఒక తృప్తి ఉంది. కాదనను. అయితే గాలిపట్టేవాడు "కిత్నా, సర్?" అన్నప్పుడు "డాల్ దో పైంతీస్" అంటారే, ఆ ముప్ఫై అయిదు ఎక్కణ్నుంచి వచ్చిందో నైట్రోజన్‌కీ తెలియదు.

జనవరి వస్తుంది. తెల్లవారుజామున నాలుగైదు డిగ్రీలు. బడికి టైమైందని బండి స్టార్టు చేస్తే, మీటరులో గుర్రపు నాడా లాంటి పసుపు గుర్తు, మధ్యలో ఆశ్చర్యార్థకం. బావగారి గుండె జారుతుంది. పంక్చరేమో, సెన్సరు పోయిందేమో, కంపెనీ మోసం చేసిందేమో. అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఫోటో పెడతారు. ఇంకో ముగ్గురు అదే ఫోటో పెడతారు. "చలికాలం సాఫ్ట్‌వేర్ లోపం" అని ఒక ఇంజనీరుగారు తీర్పిస్తారు. జరిగిందేమిటంటే, చల్లబడితే గాలి ఒత్తిడి తగ్గుతుంది. పది డిగ్రీలు తగ్గితే ఒకటిన్నర, రెండు పీఎస్ఐ పోతుంది. ఎండ మొహం చూసిన మధ్యాహ్నం నింపిన టైరు తెల్లారేసరికి మూడు దాకా కోల్పోవచ్చు. బడిలో చదివిన భౌతికశాస్త్రం ఎదురుగా వెలిగి నిలబడితే, ఐఐటీ సీటు కోసం లక్షలు పోసి కోచింగు తీసుకున్న ఊరు దాన్ని గుర్తుపట్టదు. ఓ అరగంట తిరిగాక టైరు వేడెక్కి దీపం ఆరిపోతుంది. "చూశావా, దానంతటదే బాగైంది" అంటారు బావగారు అక్కయ్యతో. గాలి చల్లగా ఉన్నప్పుడే, బండి కదలకముందే కొలవాలన్న ముక్క అక్కడితో సమాధి.

టైరు చదవడం వచ్చినవాడికి యజమాని జాతకం వేరే అక్కర్లేదు. రెండు అంచులూ అరిగి మధ్య నిండుగా ఉంటే గాలి తక్కువతో తిరిగిన బండి. మధ్య అరిగితే "డాల్ దో" బండి. లోపలి అంచు మాత్రమే రంపంలా అరిగిందంటే స్పీడు బ్రేకర్ల మీంచి ఎగిరి, అలైన్‌మెంటు చూపించని బండి. పక్క గోడ మీద కోత, చిన్న బొబ్బ ఉంటే ఫుట్‌పాత్ ఎక్కించి పార్కు చేసిన బండి. గాడుల అడుగున చిన్న దిమ్మలుంటాయి, రబ్బరు అరిగి వాటితో సమమైతే 1.6 మిల్లీమీటర్లే మిగిలినట్టు. బావగారి టైరు అంతవరకూ రానే రాదు. బడి, మెట్రో స్టేషన్, మాల్, ఆదివారం ఆంధ్రా భవన్ బిర్యానీ, దీనికి టైరేం అరుగుతుంది? అది పనిచేసి చావదు, కూర్చుని ముసలిదై చస్తుంది. ఢిల్లీ జూన్ ఎండలో కాలి, జనవరిలో బిగిసి, ఆరేడేళ్లకు పక్కగోడ మీద సన్నని బీటలు పడతాయి. గాడులు నిండుగా కనిపిస్తాయి కనక "ఇంకా కొత్తగానే ఉన్నాయి" అంటారు.

అరిగిన కాస్త రబ్బరు కూడా ఎక్కడికీ పోదు. ఈ గాలిలోనే తిరుగుతుంది. ఢిల్లీ కాలుష్యం మీద 2016లో ఐఐటీ కాన్పూర్ ఇచ్చిన నివేదికలో పీఎం 2.5 ధూళిలో రోడ్డు దుమ్ము వాటా 38 శాతం, వాహనాల వాటా 20 శాతం. రోడ్డు దుమ్ము రోడ్డుకు మొలవదు, చక్రాలు లేపుతాయి. బండి ఎంత బరువైతే అంత నలుగుతుంది. యూరప్ వాళ్లు ఇప్పుడు యూరో 7 నిబంధనల్లో పొగతోపాటు బ్రేకు పొడినీ టైరు అరుగుదలనూ లెక్కలోకి తెచ్చారు. ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కొన్న తమ్ముళ్లు ఇక్కడ కాస్త తల దించుకోవచ్చు. ఆకుపచ్చ నంబరు ప్లేటు పొగను ఆపుతుంది గాని, బ్యాటరీ బరువు మోసే టైరుకు ప్లేటు రంగు తెలియదు.

డీజిల్ బావగారి ఆదివారం వేరు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 ఉద్గార ప్రమాణం అమలైంది, డీజిల్ బండ్లకు మసిని పట్టే ఫిల్టరు వచ్చింది. ఆ మసి సుమారు 600 డిగ్రీల వేడి పుడితేగాని కాలి బూడిదవదు. అందుకు హైవే మీద ఓ పావుగంట నిలకడగా పరిగెత్తాలి. మూడు కిలోమీటర్ల బడి ప్రయాణంలో, అందునా చలిలో, ఇంజను సగం కూడా వేడెక్కదు. ఫిల్టరు నిండి దీపం వెలుగుతుంది. ఇక ఏం చేస్తారు? వేరే పనేమీ లేకుండా బండిని ద్వారకా ఎక్స్‌ప్రెస్‌వే మీదకు తీసుకెళ్లి పరిగెత్తిస్తారు. డీజిల్ మసిని కాల్చడానికి మళ్లీ డీజిల్ కాల్చడం. లోపల మాత్రం ప్యూరిఫయరు తిరుగుతుంటుంది, తెర మీద గాలి నాణ్యత సూచీ 28 అని పచ్చగా మెరుస్తుంటుంది. బయట 410. అద్దం దించమని పిల్లాడడిగితే "గాలి బాగాలేదురా" అంటారు. చుట్టుపక్కల ఆ గాలికి ఎవరెవరు ఎంతెంత వంతు వేశారో ఆ తెర చెప్పదు.

పొగమంచు రాత్రి ఈ బండ్ల శౌర్యం చూడాలి. యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద చలికాలంలో కార్ల వేగపరిమితిని 100 నుంచి 75కి తగ్గిస్తారు. అది చిన్న కార్లకోసం పెట్టిన రూలని బావగారి నమ్మకం. సీటు ఎత్తుగా ఉంటే మంచుకు పైనుంచి కనిపిస్తుందని ఆయనకెవరు చెప్పారో! నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి టకటకలాడిస్తూ పరిగెత్తుతారు. వెనకవాడికి ఆయన ఆగారో, వెళ్తున్నారో, ఎడమకు తిరుగుతారో అర్థం కాదు. లోపల అద్దం మసకబారితే చేతిరుమాలుతో తుడుస్తారు. "చలికాలంలో ఏసీ ఏమిటండీ" అంటారు. తేమను లాగేసేది ఆ ఏసీయేనని మాన్యువల్లో ఉంది. మాన్యువల్ డాష్‌బోర్డు అరలో ప్లాస్టిక్ కవరు విప్పకుండా ఉంది.

ఇంతకీ ఇంత బండి ఎందుకంటే "కొండలకు" అంటారు. కొండలంటే ముస్సోరీ. తారు రోడ్డు. అక్కడి మనుషులు ఆల్టోల్లో, వ్యాగన్‌ఆర్‌లలో పెళ్లిళ్లకు వెళ్లొస్తుంటారు. రోడ్డు వేసుకుని బస్సులు తిరుగుతున్న కొండకు ఆల్ టెరైన్ టైర్లు, నాలుగు చక్రాల పట్టు, రాతిమీద నడిచే మోడు! పైకెళ్లాక ఆ మోడ్లన్నీ వేసుకుని లైబ్రరీ చౌక్ జామ్‌లో నిలబడతారు. ఈలోగా కొండ కోసం కొన్న బండిలో ఎలుక దొరుకుతుంది. ఇది మాత్రం సామెత కాదు. రాజధాని ప్రాంతపు చలికి వెచ్చటి ఇంజను దగ్గర ఎలుకలు కాపురం పెట్టి వైర్లు కొరుకుతాయి. బానెట్ లోపల కలరా ఉండలు, పొగాకు కాడలు, ఎలుకల మందు స్ప్రే. లక్షల విలువైన యంత్రం మన ఊరి పాత ట్రంకుపెట్టె వాసన వేస్తుంది.

"పిల్లల భద్రత" అన్న మాట వినగానే అందరూ నోరు మూసుకుంటారు. ఏ పిల్లల భద్రత? అమెరికాలో హైవే భద్రత బీమా సంస్థ 2023లో చెప్పింది: బానెట్ నలభై అంగుళాలు దాటిన బండి మనిషిని ఢీకొడితే ప్రాణం పోయే అవకాశం, పొట్టి మూతి కార్లతో పోలిస్తే, దాదాపు 45 శాతం ఎక్కువ. బడి గేటు దగ్గర ఆ మూతి ముందు నిలబడ్డ ఆరేళ్ల పిల్ల డ్రైవరుకు కనిపించదు. ఆ పిల్ల కూడా ఎవరో బావగారి పిల్లే. పారిస్ జనం 2024 ఫిబ్రవరిలో ఓటేసి, బయటినుంచి వచ్చే బరువైన బండ్ల పార్కింగు రుసుము మూడింతలు చేయించారు. ఇక్కడ అలాంటి ఓటు పెడితే ముందు పోలింగు బూతు దగ్గర పార్కింగు కోసం కొట్టుకుంటారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మకు ఎత్తు సీటు సుఖం, ఇంట్లో ఆరుగురున్నారు అంటే నాకు పేచీ లేదు. అది నిజమైన కారణం. ఆ కారణంతో కొన్నవాళ్లు హిమాలయాల ఊసెత్తరు.

డీజిల్ బండికి పదేళ్లు నిండేసరికి బావగారు రాజ్యాంగ నిపుణులవుతారు. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగొద్దన్న 2015 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశం, 2018లో సుప్రీంకోర్టు సమర్థన, 2025 జులై 1 నుంచి బంకుల్లో పాత బండ్లకు ఇంధనం బందు అని, వారం తిరక్కుండా వెనక్కి తగ్గడం, ఆగస్టులో చర్యలొద్దన్న కోర్టు, డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపైవాటికే పరిమితం చేయడం, మధ్యలో గాలి మరీ చెడినప్పుడల్లా గ్రాప్ (దశలవారీ కాలుష్య కట్టడి) మూడో దశ అని బీఎస్-4 డీజిళ్లు ఇంట్లోనే ఉండాలనడం. ఇదంతా ఏకరువు పెట్టి, చివరికి ఎన్‌ఓసీ తీసుకుని వేరే రాష్ట్రంవాళ్లకు అమ్మేస్తారు. హైదరాబాదు సెకండ్ హ్యాండ్ బజారులో "ఢిల్లీ బండి" అంటే వేరే పరిచయం అక్కర్లేదు. ప్రకటన బావగారే రాస్తారు: ఒకే యజమాని, కుటుంబ వాడకం, ఒక్కసారి కూడా ఘాట్ ఎక్కలేదు, టైర్లు కొత్తవిలా ఉన్నాయి.

బేరానికి వచ్చినవాడు సన్‌రూఫ్ చూడడు, తెర చూడడు. గొంతుక్కూర్చుని టైరు పక్కగోడ మీద నాలుగంకెలు వెతుకుతాడు, తయారైన వారం, సంవత్సరం. చదివి, లేచి, మోకాళ్ల దుమ్ము దులుపుకుని ధర నలభై వేలు తగ్గిస్తాడు. "అక్కడ తేదీ కూడా ఉంటుందా?" అంటారు బావగారు.