బ్రేకుకు ముందు బాంబు

టీవీ కోసమే చుట్టేసిన బాడీగార్డు యాక్షన్ సినిమా చూడ్డానికి కథ తెలియనక్కర్లేదు, ప్రకటనలు ఎప్పుడొస్తాయో తెలిస్తే చాలు. సబ్బు ప్రకటనకు ముందు కారు పేలుతుంది. టూత్‌పేస్టుకు ముందు కిటికీ అద్దం భళ్లుమంటుంది. 1969లో అమెరికాలో ఏబీసీ చానల్ 'మూవీ ఆఫ్ ద వీక్' మొదలెట్టి, సినిమాను ప్రకటనలతో సహా గంటన్నరలో ఇరికించింది. ప్రకటనలు పోగా మిగిలేది గంటంబావు. అంతలోనే మన హీరో ఒక ప్రాణం కాపాడాలి, ఆ ప్రాణాన్నే ప్రేమించాలి, పాత ఉద్యోగంలో జరిగిన ఘోరం గుర్తొచ్చి కుమిలిపోవాలి.

పాపం, డబ్బూ తక్కువే. అందుకే దేశాల్ని గడగడలాడించే ముఠాలో ఉండేది ఆరుగురే. మేడ మీద చచ్చినవాడే టోపీ మార్చుకుని గోడౌన్‌లో మళ్లీ చస్తాడు. "లేవకు" అన్న మరుక్షణం హీరోయిన్ లేచి నిలబడుతుంది. లేవకపోతే ఈయన గాల్లోకి ఎగిరి తూటాకు అడ్డం పడేదెప్పుడు?

సరదాకి తీశామంటే సరే. అంగరక్షకుడి బతుకంటే ఇదే అన్నట్టు కాలరెగరేస్తేనే ఒళ్లు మండుతుంది.

అసలు బతుకు ఎలా ఉంటుందో చూడండి. 1981 మార్చి 30న వాషింగ్టన్‌లో హిల్టన్ హోటల్ బయట అమెరికా అధ్యక్షుడు రీగన్ మీద రెండు సెకన్లలోపే ఆరు తూటాలు పేలాయి. అధ్యక్షుడి రక్షణ చూసే సీక్రెట్ సర్వీస్ శాఖలో టిమ్ మెకార్తీ అనే ఏజెంటు నిజంగానే అడ్డం నిలబడి పొట్టలో తూటా తిన్నాడు. జెర్రీ పార్ అనే మరో ఏజెంటు అధ్యక్షుణ్ణి కార్లోకి తోసేసి బండిని ఉరికించాడు. రీగన్ నోట్లోంచి నురగతో రక్తం రావడం చూసి, వైట్‌హౌస్‌కు పోతున్న కారును ఆసుపత్రికి మళ్లించాడు. ప్రాణం నిలబెట్టింది ఆ మలుపే. అందులో ఒక్క గుద్దు లేదు, ఒక్క డైలాగు లేదు. దుండగుడు విలేకరుల గుంపులో అంత దగ్గరగా ఎలా నిలబడగలిగాడన్నదే ఆ శాఖను వేధించిన ప్రశ్న. ఈ వృత్తిలో సాహసం అవసరపడిందంటే, అంతకుముందే ఎక్కడో పని చెడిందని అర్థం.

సినిమా అభిమానులు ఇక్కడ నా పీక పట్టుకోవచ్చు. ఆ పార్ చిన్నప్పుడు 1939 నాటి 'కోడ్ ఆఫ్ ద సీక్రెట్ సర్వీస్' చూసే ఈ ఉద్యోగం మీద మనసు పడ్డాడు. అందులో ఏజెంటు వేషం కట్టింది స్వయానా రీగనే! ఒప్పుకుంటాను. కానీ పార్ ఆ రోజు తెర మీది వీరుడిలా దుండగుడితో కలబడి ఉంటే, అధ్యక్షుడు కార్లోనే రక్తం కక్కుకునేవాడు. సినిమా అతన్ని ఉద్యోగం దాకా తీసుకొచ్చింది. పని నేర్పింది శిక్షణే.

మన దగ్గర ఈ బాపతు సినిమాకు టీవీ కూడా అక్కర్లేదు. పెళ్లికొచ్చిన నాయకుడి వెనక చూడండి: రాత్రి పూట నల్లకళ్లద్దాలు, బిగుతు చొక్కాలు, అక్షింతలు వేయడానికొచ్చిన ముసలమ్మను పక్కకు తోసే చేతులు. గుంపును కనిపెట్టాల్సిన కళ్లు ఫొటోగ్రాఫర్‌ను వెతుకుతుంటాయి.

నిజమైన బాడీగార్డు సినిమా ఒకటి తీయొచ్చు. గంటంబావు సేపూ హీరో తలుపులు, మెట్లు, వంటగది దారి చూసుకుంటాడు. ఎవరూ చావరు. దానికి ప్రకటనలిచ్చే కంపెనీ దొరకదు. అలాంటి గన్‌మన్‌ను అడిగే నాయకుడు అసలే దొరకడు. పక్కనున్నా జనానికి కనపడనివాడు ఆయనకెందుకు?