కంటకోపాఖ్యానము: అఫ్జల్‌గంజ్ ఖండము

ఆ.వె.
నింగి చుక్క చెప్ప నేలపై పెట్టెకై
గోడ సందులోన గోరు దూర్చ
నయ్యొ ముల్లు గీసె నఫ్జలు గంజులో
మందు పక్కనుండ మథన మేల?

టీక: నింగి చుక్క = జీపీఎస్ ఉపగ్రహము; చెప్పన్ = చోటు తెలుపగా; పెట్టెకై = జియోక్యాషింగ్ ఆటలో దాచిన డబ్బీ కొరకు; గోడ = ఏ గోడయో చెప్పిన ఆట చెడును గనుక కవి చెప్పలేదు; గోరు = ఉపలక్షణముచే మోచేతి దాకా; అఫ్జలు గంజులో = అయిదవ నిజాము అఫ్జలుద్దౌలా పేరిట వెలసిన పేటలో; మథనము + ఏల = గుబులెందుకు?

తాత్పర్యము: 20,200 కిలోమీటర్ల ఎత్తునుండి ఉపగ్రహములు దారి చూపగా ఆటగాడు సందులో చేయి పెట్టెను. డబ్బీ దొరకలేదు, ముల్లు దొరికెను.

విశేషములు:

క్రీడామూలము: అమెరికా ప్రభుత్వము జీపీఎస్‌లో బుద్ధిపూర్వకముగా కలిపిన దోషమును తొలగించిన వెంటనే, 2000 మే 3న ఒరెగాన్‌లో డేవ్ ఉల్మర్ ఒక బకెట్టు దాచెను. గీరుల చరిత్రకు అదే శకారంభము.

వృక్షనిర్ణయము: ముల్లు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతదని కొందరందురు. అది అపచారము. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో సుమారు 150 మందిని కొమ్మలపై నిలిపి కాచిన చెట్టది. పైగా చింతకు ముళ్లుండవు. కావున సర్కారు తుమ్మయే గ్రాహ్యము.

వ్రణనిర్ణయము: కవి "గీసె" ననెను గాని "గుచ్చె" ననలేదు. ఆటగాని అదృష్టమది. ధనుర్వాతపు క్రిమి మట్టిలో నుండును, గాలి సోకని లోతు గాయములో బలియును.

ఔషధనిర్ణయము: "మందు" గాయపాకు పసరని పూర్వపక్షము. కడగని ఆకుతో మట్టియు గాయమున చేరును గనుక అది నిలువదు. సబ్బు, నల్లా నీరు, ఇసుక రేణువులు పోవువరకు ఓపిక, పైన శుభ్రమైన కట్టు: ఇదే సిద్ధాంతము. మట్టి పడిన గాయమై, ధనుర్వాతపు సూది వేయించుకొని అయిదేళ్లు దాటినచో, "పక్కనుండ" అను మాటకు ఉస్మానియా ఆసుపత్రి యని అర్థము చెప్పుకొని నడువవలెను.

ప్రమాణవిచారము: ఉపగ్రహవాక్యము శబ్దప్రమాణము. ఫోనులో అది కొన్ని మీటర్లు తప్పును, ఎత్తు గోడల నడుమ సంకేతము తగిలి మళ్లి మరింత తప్పును. ముల్లు ప్రత్యక్షప్రమాణము, అంగుళమైనను తప్పదు.

ఫలశ్రుతి: ఈ పద్యము చదివినవారు ముందు కర్రతో కదిపి, పిదప టార్చి వేసి, ఆపై గ్లౌజు తొడిగి చేయి పెట్టుదురు. చదువక పెట్టినవారు వ్యాఖ్యానమును స్వయముగా వ్రాయగలరు.