ఏకవాక్య రిక్వైర్‌మెంటు: టీకా తాత్పర్య సహితము

మూలము: "యూజర్ తన రిపోర్టును తగిన ఫార్మాట్‌లో త్వరగా డౌన్‌లోడ్ చేసుకోగలగాలి."

అవతారిక: దీని కర్త ఎవరో తెలియదు. క్లయింటు చెప్పాడని బిజినెస్ అనలిస్టూ, అనలిస్టే రాశాడని క్లయింటూ అంటారు.

ప్రతిపదార్థము: యూజర్ = రివ్యూ మీటింగులకు ఎన్నడును రానట్టియు, రిలీజైన మరునాడే ఫోను చేయునట్టియు మనుష్యుడు; తన = తనదియో, తన క్రింది వారందరిదియో తేలని; రిపోర్టును = నేటి వరకు ఎక్సెల్‌లో నెట్టుకొని వచ్చిన పట్టికను; తగిన ఫార్మాట్‌లో = ఒకరు పీడీఎఫ్ అనియు, వేరొకరు ఎక్సెల్ అనియు తలచుచు, ఇరువురును పైకి చెప్పని రూపమున; త్వరగా = డెవలపరుకు మూడు సెకన్లలో, మేనేజరుకు ఈ శుక్రవారములోగా; డౌన్‌లోడ్ చేసుకోగలగాలి = దించుకొనవలెను.

తాత్పర్యము: రిపోర్టు కావాలి.

విశేషము: 'గలగాలి' విధా, కోరికా? ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవారికి ఈ సందేహం రాకుండా 1997లో స్కాట్ బ్రాడ్నర్ ఆర్‌ఎఫ్‌సీ 2119 అనే పత్రం రాశాడు. తప్పనిసరికి కొన్ని మాటలు, మంచిదానికి కొన్ని, ఐచ్ఛికానికి కొన్ని. ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లు రాసిన ప్రోగ్రాములు కలిసి పనిచేయాలి కాబట్టి అక్కడ అంత పట్టింపు.

అదే మాదాపూర్‌లో ఒక్క గదిలో నలుగురు కూర్చుని చేసే పనైతే? "పీడీఎఫ్ చాలా అన్నా?" అని కుర్చీ తిప్పి అడిగితే సరి. అక్కడ పై మూలమే ఎక్కువ.

క్లయింటు న్యూజెర్సీలో, టీము హైదరాబాద్‌లో ఉంటే కథ వేరు. చలికాలంలో పదిన్నర గంటల తేడా. ఇక్కడ పొద్దున సందేహం పుట్టేసరికి అక్కడ నిద్రవేళ. ప్రశ్నకు ఒక రోజు చొప్పున ఖర్చు గనక ఆ వాక్యం నాలుగు పేజీలవుతుంది. దానికి ఫిక్స్‌డ్ బిడ్ తోడైతే పత్రం దస్తావేజే. క్లయింటు 'మొదలైనవి' అని చేరుస్తాడు, వెండరు 'మాత్రమే' అని బిగిస్తాడు. చేసేవాటి జాబితా కన్నా చేయనివాటి జాబితా పొడుగవుతుంది. చదవడానికి నాకు అదే ఇష్టం. మనుషులు కనిపించేది అందులోనే. ఇక విమానంలోని కీలకమైన సాఫ్ట్‌వేరుకైతే, డీఓ-178సీ ప్రమాణం ప్రకారం ప్రతి రిక్వైర్‌మెంటు నుంచి కోడుకూ టెస్టుకూ జాడ చూపాల్సిందే.

పూర్వపక్షము: 2001లో స్నోబర్డ్‌లో 17 మంది సాఫ్ట్‌వేరు నిపుణులు కూడి ఎజైల్ ప్రకటన రాస్తూ, దండి పత్రాల కన్నా నడిచే సాఫ్ట్‌వేరే మిన్న అన్నారు కదా, ఇంకా ఈ రాతలేల?

సమాధానము: పత్రాలకూ విలువ ఉందని అదే ప్రకటన చివర ఉంది. మనవాళ్లు శ్లోకం సగం చదివి పుస్తకం మూశారు. ఎజైల్ పద్ధతిలో రిక్వైర్‌మెంటు రాసే యూజర్ స్టోరీ కార్డు ఎదురెదురుగా మాట్లాడుకోవడానికి ఆనవాలు. మాట్లాడే మనిషి నోటీస్ పీరియడ్‌లో ఉంటే మిగిలేది కార్డే.

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిదీ అక్కర లేనిదీ అందులో రానివ్వనని ప్రతిజ్ఞ పూనిన మల్లినాథసూరి మన మెదక్ సీమ వాడే. అయితే ఆయన ముందున్న కాళిదాసు స్కోప్ మార్చలేదు.

పాఠాంతరము: సైన్‌ఆఫ్ అయిన ప్రతిలో 'త్వరగా' లేదు. క్లయింటు మెయిల్లో ఉంది. 'ఫైనల్ 2' అనే ప్రతిలో దాని మీద పసుపు రంగు పూసి ఉంది. వీటిలో ఏది గ్రాహ్యమో తేల్చేది ఛేంజ్ రిక్వెస్ట్. దాని మీద భాష్యం బిల్లింగ్ వారు రాస్తారు.