పచ్చరంగు వచ్చేదాకా నొక్కు

ఊరికి చెత్తకుప్ప స్థలం కావాలి. శాస్త్రీయంగా తేలుస్తామంటారు సార్లు. కంప్యూటర్‌లో పటం పరుస్తారు. వాలు ఒక పొర, చెరువు దూరం ఒక పొర, ఇళ్ల దూరం, రోడ్డు దూరం. ప్రతి పొరకూ మార్కులు, ఆ మార్కులకు వెయిటేజీ. అన్నీ కలిపి 100. కూడితే పనికొచ్చే చోటు పచ్చగా, పనికిరానిది ఎర్రగా వెలుగుతుంది.

అబ్బో! మరి పెద్దాయన ముందే వేలు పెట్టి చూపించిన స్థలం ఎర్రగా వచ్చిందే?

"చెరువు వెయిటేజీ 30 నుంచి 10కి దించవయ్యా. రోడ్డుకి 40 ఇయ్యి."

"సార్, అది చెరువు శిఖం సార్..."

"పచ్చబడిందా? ప్రింటు తియ్యి."

పెళ్లయ్యాక జాతకాలు చూస్తే 36 గుణాలూ కలవక ఏం చేస్తాయి?

లెక్కల్లో సున్నా వచ్చినా డ్రాయింగులో 90 వచ్చిందని ఇంజనీరు సీటిస్తారా? ఇక్కడ ఇస్తారు. మునిగే నేలైనా సరే, తారురోడ్డు పక్కనుంటే పాసు. పటంలో అలాంటి గళ్లను మార్కులు వేయకముందే కొట్టేయాలని పాఠంలోనే ఉంది. ఆ రోజే సార్లు బడి ఎగ్గొట్టారు కాబోలు. వెయిటేజీలు తేల్చడానికి థామస్ సాటీ 1970ల్లోనే ఒక పద్ధతి చెప్పాడు. మన పోలికలు ఒకదానికొకటి పొసగకపోతే పట్టేసే కొలత అందులో ఉంది. అది 0.10 దాటితే మళ్లీ ఆలోచించుకోమంటుంది. దాన్ని మన మంత్రుల మాటలకు పెట్టి చూడండి. కంప్యూటర్ కాలిపోదూ!

సరే, ఎవరూ నొక్కని పటం లేదా? ఉంది. 2011లో మాధవ్ గాడ్గిల్ కమిటీ పశ్చిమ కనుమలను సుమారు 9 కిలోమీటర్ల గళ్లుగా విడగొట్టింది. వాలు, ఎత్తు, అడవి, అరుదైన ప్రాణులు చూసి గడి గడికీ మార్కులేసింది. కేరళలోని వయనాడ్‌ జిల్లాలో మూడు తాలూకాలూ అత్యంత సున్నితమని తేల్చింది. మనవాళ్లేం చేశారు? నివేదికను బయటపెట్టడానికే నెలల తరబడి నానబెట్టారు. తర్వాత కస్తూరిరంగన్ కమిటీ వచ్చి, కనుమల్లో 37 శాతం కాపాడితే చాలంది. అదీ ఎక్కువేనట! రిసార్టులూ క్వారీలూ ఏ పొరలోకి వస్తాయో గాడ్గిల్‌కి తెలియలేదు పాపం. ఇక కనుమల్ని కాపాడే ఉత్తర్వుకు ముసాయిదా మీద ముసాయిదా.

2024 జూలై 30 తెల్లవారకముందే అదే వయనాడ్‌లో ముండక్కై, చూరల్‌మల మీదికి కొండ జారింది. నిద్రలోనే 200 మందికి పైగా పోయారు. మర్నాడు, జూలై 31న, ఢిల్లీ ఆరో ముసాయిదా వదిలింది. అభ్యంతరాలుంటే 60 రోజుల్లో చెప్పాలట.

ఎవరు చెప్పాలి? చూరల్‌మల వాళ్లా?