నెల్లూరు తీరాన ఒక గది మైకు ఆత్మకథ

ఈ ఆత్మకథ ఒక రిబ్బన్ మైకుది. శాస్త్ర గ్రంథాల మర్యాదను పాటిస్తూ అది తనను తాను ‘ఈ మైకు’ అని మాత్రమే పేర్కొంటుంది. తన పుట్టుక, తాను చేసిన కొలువులు, నెల్లూరు సముద్ర తీరంలో డప్పు ధ్వనిని అందుకుంటూ నేర్చిన విద్య ఇక్కడి విషయాలు. రికార్డింగ్ వృత్తిలో ఉన్నవారు ఈ కొలువు చేసే మైకును ‘రూమ్ మైకు’ అంటారు. వాయిద్యానికి జానెడు దూరంలో నిలిచి తోలు మీద పడే దెబ్బను మాత్రమే పట్టుకునేది దగ్గరి మైకు కాగా, గదిలో ఎడంగా నిలిచి ఆ దెబ్బతో పాటు గోడలు, కప్పు, నేల తిరిగి పంపే ధ్వనిని కూడా అందుకునేది గది మైకు. వినేవారి చెవికి చేరే డప్పు ధ్వనిలో తోలుకు ఎంత వాటా ఉందో చోటుకూ అంతే వాటా ఉందన్నది ఈ మైకు జీవితమంతా గడించిన నిశ్చయం.

ఈ మైకు శరీర నిర్మాణం చాలా సరళమైనది. బలమైన అయస్కాంతపు రెండు ధ్రువాల మధ్య, మందం కొన్ని మైక్రాన్లకు మించని అల్యూమినియం రేకును సన్నని మడతలతో వేలాడదీస్తారు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గాలి కదలికతో ఆ రేకు కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రంలో స్వల్ప విద్యుత్తు పుడుతుంది, ఆ విద్యుత్తే ధ్వనికి ప్రతిరూపమై టేపుకో, కంప్యూటరుకో చేరుతుంది. రేకు ముందు, వెనుక వైపులు రెండూ తెరిచి ఉండడం వల్ల ఈ మైకు రెండు దిక్కులనూ సమానంగా వింటుంది, పక్కలనుంచి వచ్చే ధ్వనిని మాత్రం దాదాపుగా వినదు. వినికిడి పటం 8 అంకె ఆకారంలో ఉంటుంది కనుక ఇంజనీర్లు దీన్ని ‘ఫిగర్ ఎయిట్’ అంటారు. ఈ వంశానికి మూలపురుషులు 1920లలో జర్మనీలో పనిచేసిన వాల్టర్ షాట్కీ, ఎర్విన్ గెర్లాక్ కాగా, 1930ల తొలినాళ్లలో అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థలో హ్యారీ ఓల్సన్ దానిని రేడియోకూ సినిమాకూ పనికివచ్చేలా తీర్చిదిద్దాడు.

ఈ మైకు యౌవనం మద్రాసులో గడిచింది. తెలుగు సినిమా పాటకు మద్రాసు పుట్టిల్లుగా ఉన్న ఆ దశాబ్దాలలో గాయకులు, వయొలిన్ల బృందం, తబలా, మృదంగం, డోలు వాయించేవారు ఒకే థియేటర్‌లో కూర్చుని, ఒకే సారిగా పాటను ముగించేవారు. నెల్లూరు జిల్లా నుంచి వెళ్లిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 1966లో ఎస్.పి. కోదండపాణి సంగీత దర్శకత్వంలో తొలి సినిమా పాట పాడినది అటువంటి కాలంలోనే; తరువాత ఆయన తన రికార్డింగ్ థియేటర్‌కు గురువు కోదండపాణి పేరే పెట్టుకున్నాడు. ఆనాడు మైకులు కొద్ది, ట్రాకులు అంతకన్నా కొద్ది కనుక ఏ వాయిద్యం ఎంత వినపడాలన్నది మీట తిప్పి కాక మనిషిని జరిపి నిర్ణయించేవారు. డోలు మరీ పైకి వస్తే వాయించే వ్యక్తిని నాలుగడుగులు వెనక్కు కూర్చోబెట్టేవారు. దూరం పెరిగితే ధ్వని తగ్గడమే కాక స్వభావం కూడా మారుతుందని, దెబ్బ పదును మెత్తబడి చోటు వినిపించసాగుతుందని ఈ మైకు అక్కడే గ్రహించింది. పలు ట్రాకుల యంత్రాలు వచ్చి, ప్రతి వాయిద్యానికీ ఒక దగ్గరి మైకు దొరికిన తరువాత, ప్రతినాదాన్ని యంత్రంతో కలుపుకోవడం సులువైంది. ప్రతినాదం అంటే మూలధ్వని ఆగిన తరువాత కూడా పరావర్తనాల వల్ల గదిలో నిలిచి, క్రమంగా సన్నగిల్లే ధ్వని. రిబ్బన్ మైకులు క్రమంగా బీరువాలకు చేరాయి, వాటిలో ఈ మైకూ ఒకటి.

నెల్లూరు తీరానికి ఈ మైకు చేరింది జానపద వాద్యాల రికార్డింగ్ కోసం. మైపాడు, కోడూరు, తుమ్మలపెంట వంటి తీరగ్రామాల వెంట బకింగ్‌హాం కాలువ, సరుగుడు తోటలు, రొయ్యల గుంటలు ఎంత సహజంగా కనిపిస్తాయో, స్తంభాలపై లేచిన కాంక్రీటు తుపాను షెల్టర్లు కూడా అంత సహజంగా కనిపిస్తాయి. 1977 నవంబరులో దివిసీమను ముంచెత్తిన ఉప్పెన తరువాత ఆంధ్ర తీరమంతటా ఇటువంటి భవనాల నిర్మాణం ఊపందుకుంది. 1989 నవంబరులో కావలి సమీపంలో తీరం దాటిన పెనుతుపాను వాటి అవసరాన్ని నెల్లూరు జిల్లాకు మరోసారి తెలియజెప్పింది. ప్రాణరక్షణకు కట్టిన ఆ హాళ్లు సంగీతాన్ని ఉద్దేశించినవి కావు. అయితే నున్నని సిమెంటు గోడలు, బోసి నేల, కాంక్రీటు కప్పు ఉన్న పెద్ద హాలు దొరకడం డప్పుకు వరమే.

డప్పుకు గది ఎందుకు అంత అవసరమో తోలు స్వభావాన్ని బట్టి తెలుస్తుంది. మృదంగం కుడిమూతి మీద అద్దే నల్లని కరణి, తోలు కంపనాల పౌనఃపున్యాలను, అంటే సెకనుకు జరిగే కంపనాల సంఖ్యలను, ఒకటి రెండు మూడు అన్న పూర్ణాంక నిష్పత్తులకు దగ్గరగా తెస్తుందని, అందువల్లనే మృదంగ నాదానికి స్వరలక్షణం వస్తుందని సి.వి. రామన్ 1920లో ‘నేచర్’ పత్రికలో తన సహచరుడితో కలిసి వివరించాడు. తప్పెట అనీ పలక అనీ కూడా పిలిచే డప్పుకు కరణి లేదు. కర్ర చట్రానికి బిగించిన వట్టి తోలులో ఆ నిష్పత్తులు 1, 1.59, 2.14 వంటి ఒదగని సంఖ్యలుగా ఉంటాయి కనుక దాని ధ్వని స్వరంగా నిలవదు, పేలినట్టు పుట్టి వెంటనే అణగిపోతుంది. కుడిచేతి సిర్ర కొట్టే బరువైన దెబ్బకూ, ఎడమచేతి చిటికెన పుల్ల వేసే సన్నని దెబ్బకూ మధ్య ఖాళీని నింపేది చోటే. జాతరలో వీధి గోడలు ఆ పని చేస్తాయి. జానెడు దూరంలో పెట్టిన మైకుకు ఆ గోడలు లేవు కనుక, దాని రికార్డింగ్‌లో ఊరంతటినీ కదిలించే డప్పు అట్టపెట్టె మీది దెబ్బలా చిన్నబోతుంది.

గది ఎంతసేపు మోగుతుందో లెక్కకట్టే సూత్రాన్ని 19వ శతాబ్దం చివర హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో వాలెస్ సబీన్ కనుగొన్నాడు. గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలోని మొత్తం శోషణతో భాగిస్తే ప్రతినాద కాలం, అంటే ధ్వని 60 డెసిబెల్స్ తగ్గడానికి పట్టే సమయం, సెకన్లలో వస్తుంది. శోషణ అంటే ఉపరితలాలు ధ్వనిని మింగే శక్తి. ఒక చదరపు మీటరు తెరిచిన కిటికీ తనపై పడే ధ్వనినంతా బయటికి పంపేస్తుంది కనుక దానిని ఒక పూర్తి ప్రమాణంగా లెక్కిస్తారు. ఉదాహరణకు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 3.5 మీటర్ల ఎత్తు ఉన్న షెల్టరు హాలు ఘనపరిమాణం 336 ఘనమీటర్లు, లోపలి ఉపరితలం 332 చదరపు మీటర్లు. సిమెంటు పూత తనపై పడిన ధ్వనిలో సగటున నూటికి 4 వంతులు మింగుతుందనుకుంటే ఖాళీ హాలులో ప్రతినాద కాలం 4 సెకన్లు దాటుతుంది. వాయించేవారు, వినేవారు కలిసి 20 మంది చేరితే అది సుమారు 2.4 సెకన్లకు, ఒక్కొక్కటి ఒకటిన్నర చదరపు మీటర్లుండే 8 కిటికీలను తెరిస్తే సుమారు 1.6 సెకన్లకు దిగుతుంది. సెకనుకు ఏడెనిమిది దెబ్బలు పడే డప్పు దరువుకు 4 సెకన్ల గది పనికిరాదు, ఒక దెబ్బ మీద మరొక దెబ్బ పేరుకుపోయి దరువు చెదిరిపోతుంది. అందుచేత తీరంలో గదిని శ్రుతి చేయడం అంటే ముందుగా కిటికీలను, మనుషులను సరిచూసుకోవడమే.

ఆ తరువాతిది మైకు నిలిపే చోటు. డప్పు నుంచి నేరుగా వచ్చే ధ్వని దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది, ప్రతినాదం మాత్రం హాలంతా దాదాపు ఒకే స్థాయిలో ఉంటుంది. ఈ రెండూ సమానమయ్యే దూరాన్ని ఇంజనీర్లు ‘క్రిటికల్ డిస్టెన్స్’ అంటారు. పైన చెప్పిన హాలులో కిటికీలు తెరిచినప్పుడు అన్ని దిక్కులనూ సమానంగా వినే మైకుకు అది 0.8 మీటరు, 8 అంకె వినికిడి గల ఈ మైకుకు 1.4 మీటర్లు. అంతకన్నా దగ్గర జరిపితే డప్పు పైచేయి, దూరం జరిపితే హాలు పైచేయి అవుతాయి. ఈ మైకుకు మరొక సౌలభ్యం ఉంది. ఉన్న చోటనే నిలిపి, వినికిడి లేని పక్కభాగాన్ని డప్పు వైపు తిప్పితే నేరు దెబ్బ చాలావరకు మాయమై, ఎదుటి గోడ, వెనుక గోడ పంపే ధ్వని మిగులుతుంది. ఇంజనీరు స్టాండు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఈ మైకును కొద్దికొద్దిగా తిప్పుతూ, సిర్ర దెబ్బ పదును సన్నగిల్లి హాలు ఊపిరి పోసుకున్న కోణం దగ్గర చేయి ఆపడం రికార్డింగ్ విద్యలో సున్నితమైన పనులలో ఒకటి.

దగ్గరి మైకును, గది మైకును కలిపినప్పుడు కాలభేదం సమస్య తలెత్తుతుంది. 30 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద ధ్వని సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది కనుక 5 మీటర్ల దూరంలోని మైకుకు దెబ్బ 14 మిల్లీసెకన్లు ఆలస్యంగా అందుతుంది. ఒకే ధ్వని ఈ భేదంతో రెండుసార్లు కలిసినప్పుడు కొన్ని పౌనఃపున్యాల వద్ద తరంగాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి; భౌతికశాస్త్రంలో దీనికి వినాశక వ్యతికరణమని పేరు. గది మైకులో నేరు దెబ్బ ఎంత తక్కువగా ఉంటే ఈ నష్టం అంత తక్కువ. అయితే ఆ ఆలస్యం ప్రతిసారీ దోషమే కానక్కరలేదు. అంత స్వల్ప వ్యవధిలో వచ్చిన రెండు ధ్వనులను చెవి వేరు చేయక ఒకటిగా వింటుంది కనుక, ట్రాకును ముందుకు జరపకుండా ఉంచితే హాలు పెద్దదిగా, జరిపితే చిన్నదిగా తోస్తుంది.

ప్రపంచ రికార్డింగ్ చరిత్రలో ఈ విద్యకు రెండు సాక్ష్యాలు చాలు. లెడ్ జెపెలిన్ బృందం 1971 నాటి ఆల్బమ్ కోసం ఇంగ్లండులోని హెడ్లీ గ్రాంజ్ అనే పాత భవనంలో మెట్ల హాలు అడుగున డ్రమ్ములను ఉంచినప్పుడు, ఇంజనీరు ఆండీ జాన్స్ రెండు బేయర్ ఎం 160 మైకులను పైఅంతస్తు నుంచి వేలాడదీశాడు. అవి కూడా రిబ్బన్ మైకులే, ఆ భవనం ఒకప్పుడు పేదల ఆశ్రయశాల. 1980లో వెలువడిన పీటర్ గాబ్రియేల్ ఆల్బమ్‌లో ఇంజనీరు హ్యూ పడ్గమ్, రాతి గదిలో ఫిల్ కాలిన్స్ వాయించిన డ్రమ్ముల గది ధ్వనిని కంప్రెసర్‌తో ఉబ్బించి, గేటుతో ఠక్కున తెగ్గొట్టాడు. కంప్రెసర్ అంటే బిగ్గరైన ధ్వనిని అణచి, ఆ మేరకు సన్నని ధ్వనిని పైకి తెచ్చే యంత్రం. గేటు అంటే ధ్వని ఒక హద్దుకు దిగువకు పోగానే దారి మూసే యంత్రం. సంగీతం కోసం కట్టని చోటు కూడా సంగీతానికి తన వంతు ఇవ్వగలదని హెడ్లీ గ్రాంజ్ చెబితే, ఆ వంతును దరువుకు తగిన కొలతలో కత్తిరించుకోవచ్చునని రెండవది చెబుతుంది.

నెల్లూరు తీరం ఈ విద్యకు తన షరతులను జోడిస్తుంది. సముద్రపు తేమకు తోలు సాగి డప్పు శ్రుతి దిగిపోతుంది కనుక కళాకారులు వరిగడ్డి మంట వేసి డప్పులు కాచుకుంటారు. సెగకు తేమ పోయి తోలు బిగుసుకుంటుంది, చల్లారాక మళ్లీ వదులవుతుంది. కాచిన వెంటనే వాయించినది, చాలాసేపటి తరువాత వాయించినది ఒకే ట్రాకులో అతికితే అతుకు తెలిసిపోతుంది. కెరటాల హోరు మరొక షరతు. కంప్రెసర్ సన్నని ధ్వనులను పైకి తెచ్చేటప్పుడు దెబ్బకూ దెబ్బకూ మధ్య సముద్రాన్ని కూడా పైకి తెస్తుంది కనుక సముద్రం వైపు కిటికీలు మూసి, ఊరి వైపు కిటికీలు తెరవడం, సాయంత్రపు గాలి కన్నా ఉదయపు నెమ్మదిని ఎంచుకోవడం ఉత్తమం. ఈ మైకుకు స్వయంగా ప్రాణభయం కలిగించేది గాలి, ఇసుక. ఒక బలమైన గాలి విసురు రేకును సాగదీయగలదు. తీరపు ఇసుకలోని నల్లని ఇనుప రేణువులు అయస్కాంతానికి అంటుకుని, రేకుకూ ధ్రువానికీ మధ్య సందులో చేరితే ధ్వని గరగరలాడుతుంది. కనుక దీనిని ఇసుక మీద విప్పకూడదు, హాలులో పని ముగిసిన వెంటనే గుడ్డ సంచిలో పెట్టి నిలువుగా భద్రపరచాలి.

తీరగ్రామాల డప్పు, పంబల వారి పంబ ఈనాడు ఎక్కువగా సెల్‌ఫోన్లలోనో, దగ్గరి మైకులలోనో నమోదవుతున్నాయి. అలా నమోదైనవి లయను భద్రపరుస్తాయి గాని, ఆ లయ ఏ చోట మోగిందో, ఎందరి మధ్య మోగిందో భద్రపరచలేవు. తోలు ధ్వనికి యంత్రంతో కృత్రిమ ప్రతినాదాన్ని ఎప్పుడైనా జోడించుకోవచ్చు, కాని నమోదు చేయని హాలును, వీధిని తరువాత తెచ్చుకోవడం సాధ్యం కాదు. అందుచేత ఈ వాద్యాలను రికార్డు చేసేవారు, విశ్వవిద్యాలయాల పరిశోధకులైనా, ఊళ్లోని యువకులైనా, దగ్గరి మైకుతో పాటు ఒక్క గది మైకునైనా ఎడంగా నిలిపి, దానిని విడి ట్రాకులో, ఏ మార్పూ చేయకుండా దాచాలి. కంప్రెసర్ వాడాలా, గేటు వాడాలా అన్నది పిదప తేల్చుకోవచ్చు. దానికి ఖరీదైన రిబ్బన్ మైకే ఉండనవసరం లేదు, ఉన్న మైకునే సరైన దూరంలో నిలిపితే చాలు. డప్పు వాయించే కళాకారుడికి పారితోషికం ఎంత న్యాయమో, ఆ డప్పును దాని చోటుతో సహా నమోదు చేయడం కూడా అంతే న్యాయం.