ఒక సంకర నానో తీగ ఆత్మకథ

ఈ ఆత్మకథ ఒక నానో తీగది. సైన్సు పుస్తకాల మర్యాద ప్రకారం "నేను" అనడం మానేసి, తనను "ఈ తీగ" అనే చెప్పుకుంటుంది. దీని పొడవు కొన్ని మైక్రోమీటర్లు, వెడల్పు 20 నానోమీటర్లకు అటూఇటూ, మందం ఇంకా తక్కువ. తీగ అంటున్నారు గానీ ఆకారం సన్నని పట్టీది. వెన్నెముక పాలిమర్, దాని ఒంటినిండా అతుక్కున్నవి కాడ్మియం సల్ఫైడ్ క్వాంటమ్ డాట్లు. రెండు జాతులు కలిసి పుట్టింది కాబట్టి సంకరం.

తల్లివైపు వారు ప్లాస్టిక్‌లు. ప్లాస్టిక్‌లో కరెంటు పారదన్న నమ్మకాన్ని 1977లో షిరకావా, మెక్‌డయర్మిడ్, హీగర్ పాలీఎసిటిలీన్‌తో చెరిపేశారు. 2000లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు. ఆ వంశంలోదే ఈ తీగ పాలిమర్, పి3హెచ్‌టి. గంధకం ఉన్న థయోఫీన్ వలయాల గొలుసు, ప్రతి వలయానికీ ఆరు కార్బన్ల తోక. తోకలు లేకపోతే ఈ గొలుసును కరిగించడం దాదాపు అసాధ్యం. తండ్రివైపు క్వాంటమ్ డాట్లు కొన్ని నానోమీటర్ల స్ఫటికాలు. పరిమాణం మారితే అవి పీల్చుకునే కాంతి రంగూ మారుతుంది. వాటిని కనిపెట్టి, ఒకే సైజులో తయారుచేసే దారి చూపిన ఎకిమోవ్, బ్రూస్, బవెండీలకు 2023లో నోబెల్ వచ్చింది.

పుట్టుక సీసాలో జరుగుతుంది. ఇలాంటి తీగల తయారీకి వాడే ద్రావణుల్లో అనిసోల్ ఒకటి. సోంపు వాసన వేస్తుంది. వేడి మీద పి3హెచ్‌టి అందులో కరిగి నారింజ రంగు ద్రావణం అవుతుంది. నెమ్మదిగా చల్లారుతుంటే అదే సీసా ముదురు ఊదాకు తిరుగుతుంది. తీగలు పుట్టాయనడానికి మొదటి గుర్తు ఆ రంగే. చల్లటి అనిసోల్‌లో ఇమడలేని గొలుసులు ఒకదాని వలయాల మీద ఒకటి, పేర్చిన పళ్లేల దొంతరలా చేరతాయి. దొంతరలో వలయాల మధ్య దూరం సుమారు 0.38 నానోమీటర్లు. పక్కలకు తోకలు అడ్డు. దొంతర పెరిగే దిక్కున ఆకర్షణ ఎక్కువ. అందుకే పెరుగుదల ఒకే దిశలో సాగి తీగ అవుతుంది. ఏ పరికరమూ, ఏ చేయీ పేర్చలేదు. స్వయం అమరిక అన్న మాటకు అర్థం ఇంతే. అయితే ద్రావణి ఎంపికలో తేడా వస్తే పని చెడుతుంది. క్లోరోఫామ్ వంటి మంచి ద్రావణిలో గొలుసులు హాయిగా విడివిడిగా తిరుగుతూ ఉండిపోతాయి. హఠాత్తుగా చల్లబరిస్తే తీగలకు బదులు ముద్దలు మిగలొచ్చు.

డాట్లను అతికించడం అంతకన్నా చిక్కు. ద్రావణంలో గుంపుకట్టి అడుగుకు దిగకుండా వాటికి పొడుగాటి సేంద్రియ అణువుల తొడుగు ఉంటుంది. తొడుగు లేనిదే డాట్ నిలవదు. తొడుగు ఉంటే ఎలక్ట్రాన్ దాటదు. ఈ తీగ జీవితంలో అసలు పేచీ ఇదే. అందుకని పొడుగు అణువులను తీసి పొట్టివి తొడుగుతారు. అప్పుడు డాట్లు తీగ ఒంటికి దగ్గరగా చేరతాయి.

ఇంత తంటా ఎందుకంటే, కాంతి పడినప్పుడు పాలిమర్‌లో పుట్టే ఎలక్ట్రాన్-రంధ్రం (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీ) జంట, ఎక్సైటాన్, ఎంతో దూరం పోలేదు. సుమారు 10 నానోమీటర్లు నడిచేసరికి ఆరిపోతుంది. ఈ తీగ ఆ దూరానికి తగినంత సన్నం కాబట్టి జంట ఎక్కడ పుట్టినా డాట్ దగ్గరలోనే ఉంటుంది. డాట్‌లో శక్తి స్థాయి తక్కువ. ఎలక్ట్రాన్ అటు దూకుతుంది, రంధ్రం తీగ వెంట సాగిపోతుంది. దూకిన ఎలక్ట్రాన్ డాట్ నుంచి డాట్‌కు గెంతుతూ ఎలక్ట్రోడ్ చేరాలి. డాట్లు పలచగా ఉంటే మధ్యలో చిక్కుకుని మళ్లీ రంధ్రంతో కలిసిపోతుంది. అంతటితో కరెంటు లేదు.

ఈ ఏర్పాటంతా సోలార్ సెల్ కోసమే. బర్క్‌లీలో 2002లో కాడ్మియం సెలినైడ్ కడ్డీలను పి3హెచ్‌టితో కలిపి చేసిన సోలార్ సెల్ సామర్థ్యం 1.7 శాతం. 2011లో ఎంఐటీ పరిశోధకులు కాడ్మియం సల్ఫైడ్ డాట్లను పి3హెచ్‌టి నానో తీగలకు అతికించి 4.1 శాతం సాధించారు. పదార్థాలు వేరు కనుక తేడా అంతా అమరికదే అనడం తొందరపాటు. ఇళ్ల కప్పుల మీది సిలికాన్ పలకలు 20 శాతం దాటాయన్నది మాత్రం ఈ తీగ దాచుకోలేని నిజం.

తక్కిన లోపాలూ ఉన్నాయి. వెలుతురు, ఆక్సిజన్ కలిసి పి3హెచ్‌టిని పాడుచేస్తాయి. కాడ్మియం విషం, యూరప్ ఎలక్ట్రానిక్ వస్తువుల్లో దాని మీద ఆంక్షలు పెట్టింది. కరెంటు ఉత్పత్తిలో సిలికాన్‌ను ఈ తీగ ఓడిస్తుందని ఆశపడటం దండగ. వంగే పొరల మీద సిరాలా పూయగల కాంతి గ్రాహకాలలో దీనికి అంతకన్నా మంచి అవకాశం ఉంది, కాడ్మియం లేని డాట్లు దొరికితే మరీను.